జీన్ బెన్నెట్ లాంటి కెరీర్ కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మా మేనల్లుడి కళ్ల గురించి కూడా

విశాఖ_అమ్మాయి:

అందరికీ నమస్తే. ఎంఎస్సీ బయోటెక్నాలజీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. అడగాల్సినవి రెండు విషయాలు, కానీ నా తలలో రెండూ ఒకటే అయిపోయాయి.

మా అన్నయ్య కొడుకుకి ఐదేళ్లు. నెలల పిల్లాడప్పుడు ట్యూబ్‌లైట్ వంక రెప్ప వేయకుండా చూసేవాడు. చూసి అందరం ముచ్చటపడ్డాం. తర్వాత పిడికిళ్లతో కళ్లు గట్టిగా నొక్కుకోవడం మొదలుపెట్టాడు. రాత్రి కరెంటు పోతే ఉన్నచోటే నిలబడిపోయి "అత్తా, చెయ్యి" అంటాడు. హైదరాబాద్ తీసుకెళ్తే ఎల్‌సీఏ అన్నారు, లెబర్ కంజెనిటల్ అమోరోసిస్. వదిన మా మేనమామ కూతురే. డాక్టరుగారు "మేనరికమా?" అని అడిగినప్పుడు మా అమ్మ తల దించుకుంది. జీన్ టెస్టుకి రక్తం ఇచ్చి వచ్చాం. రిపోర్టు ఇంకా రాలేదు.

అప్పటి నుంచి అమెరికా శాస్త్రవేత్త జీన్ బెన్నెట్ గారి గురించి దొరికిందల్లా చదువుతున్నాను. పుట్టుకతో చూపు లేని పిల్లల కంట్లోకి జీన్ ఎక్కించే మందు, లక్స్‌టర్నా, ఆవిడ పరిశోధన నుంచే వచ్చిందట కదా. అంత దూరం ఎలా వెళ్లారు? జీన్ డెలివరీ అంటే ల్యాబ్‌లో రోజూ చేసే పని అసలేంటి? నేను ఆ పనిలోకి రావాలంటే ఎలా? ఒక ఫార్మా కంపెనీలో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ఉద్యోగం వచ్చింది, వచ్చే నెలలో చేరాలి. పీహెచ్‌డీ అంటే "ఇంకెన్నేళ్లమ్మా" అంటున్నారు నాన్న. చాలా టెన్షన్‌గా ఉంది.

బాపట్ల అక్క:

చెల్లీ, ముందు బాబు సంగతి మాట్లాడుకుందాం.

ఎల్‌సీఏ ఒక్క జబ్బు కాదు. 25కు పైగా జీన్లలో ఏది పాడైనా ఆ పేరే పెడతారు. లక్స్‌టర్నా పనికొచ్చేది వాటిలో ఒక్కదానికే, ఆర్‌పీఈ65కి. అదీ రెండు కాపీలూ పాడై ఉండాలి, కంటి వెనకుండే రెటీనా పొరలో బతికున్న కణాలు ఇంకా మిగిలి ఉండాలి. అందుకే రిపోర్టు చేతికి వచ్చేదాకా ఇంట్లో "మందు ఉంది" అనకు. అన్నయ్య, వదిన ఆ మాట పట్టుకుని కూర్చుంటారు. అమ్మకి మాత్రం ఒకటి చెప్పు. పాడైన జీన్లు కొన్ని మనందరిలోనూ ఉంటాయి, రెండో కాపీ బాగుంటుంది కాబట్టి తెలియదు. ఒకే తాత నుంచి దిగిన కాపీ తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ వచ్చి కలిసే అవకాశం మేనరికంలో పెరుగుతుంది. జరిగింది అంతే. ఆవిడ ఆ పెళ్లి చేసిన రోజున ఇది ఎవరికీ తెలిసే దారి లేదు.

ఇక బెన్నెట్ గారు. ఆవిడ కథని అందరూ 2017 డిసెంబర్ 19న, అంటే లక్స్‌టర్నాకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చిన రోజున మొదలుపెడతారు. నేను 1999 నుంచి మొదలుపెడతాను.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో, ఆవిడ అప్పుడు పనిచేస్తున్న పెన్సిల్వేనియా యూనివర్సిటీలోనే, జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల అబ్బాయి జీన్ థెరపీ ట్రయల్‌లో చనిపోయాడు. లివర్‌లో ఒక ఎంజైమ్ లోపం అతనిది. అడినోవైరస్‌లో జీన్ పెట్టి ఎక్కించారు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ వైరస్ మీద ఒక్కసారిగా విరుచుకుపడింది, నాలుగు రోజుల్లో ప్రాణం పోయింది. ఆ తర్వాత జీన్ థెరపీ అంటేనే జనం భయపడ్డారు. ఎన్నో ట్రయల్స్ ఆగిపోయాయి, చాలామంది ఈ రంగం వదిలి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది, 2000లో, అదే యూనివర్సిటీ నుంచి బెన్నెట్ గారూ ఆవిడ భర్త ఆల్బర్ట్ మగ్వైర్ గారూ పుట్టుగుడ్డి కుక్కపిల్లలు మూడింటి కళ్లలోకి జీన్ ఎక్కించారు. ఆయన రెటీనా సర్జన్. కార్నెల్ యూనివర్సిటీకి చెందిన గ్రెగరీ ఆక్లాండ్, గుస్తావో అగీర్ ఆ పనిలో భాగస్వాములు. బ్రియార్డ్ జాతి కుక్కల్లో ఆర్‌పీఈ65 దానంతటదే పాడై ఉన్న వంశం ఒకటి ఉంది, ఈ కుక్కపిల్లలు ఆ వంశానివే. కొన్ని వారాలకే అవి సామాన్లకు గుద్దుకోకుండా తిరగడం మొదలుపెట్టాయి. 2001లో ఆ పేపర్ వచ్చింది. వాటిలో లాన్సెలాట్ అనే దాన్ని అమెరికా పార్లమెంటుకి కూడా తీసుకెళ్లి చూపించారు.

అందరూ వెళ్లిపోతున్నప్పుడు ఆవిడ ఉండిపోవడానికి వెనక చాలా ఏళ్ల పని ఉంది. యేల్‌లో డిగ్రీ, బర్క్‌లీలో పీహెచ్‌డీ. అది చాలక మళ్లీ మొదటి నుంచి హార్వర్డ్‌లో మెడిసిన్ చదివారు. మగ్వైర్ గారు పరిచయమైందీ అక్కడే. 1996లో ఎలుక కంట్లోకి అడినోవైరస్‌తో జీన్ పంపి, చచ్చిపోవాల్సిన కణాలను కొన్నాళ్లపాటు బతికించారు. కొన్నాళ్లే. ఆ వైరస్ ప్రభావం నిలవదు. అందుకే వాహనం మార్చి ఏఏవీకి వచ్చారు. అడినో-అసోసియేటెడ్ వైరస్ అంటారు, మనిషికి దానంతటది ఏ జబ్బూ తెచ్చినట్టు తెలియని చిన్న వైరస్. (దాని జీనోమ్ అక్షరాలన్నీ చదివి 1983లో ప్రచురించినవారిలో మొదటి పేరు అరుణ్ శ్రీవాస్తవది. బెంగళూరు ఐఐఎస్‌సీలో పీహెచ్‌డీ చేసి వెళ్లినాయన. ఈ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు, నాకు బాధగా ఉంటుంది.)

కంటినే ఎందుకు ఎంచుకున్నారన్నది చూడు, ఆవిడ తెలివంతా నాకు అక్కడే కనిపిస్తుంది. కన్ను చిన్నది, మూసి ఉన్న గది లాంటిది. మందు ఒళ్లంతా పాకదు, చుక్కంత చాలు. రోగనిరోధక వ్యవస్థ అక్కడ కాస్త నెమ్మదిగా ఉంటుంది. ఒక కంట్లో వేసి రెండో కన్నుతో పోల్చుకోవచ్చు. పైగా ఆర్‌పీఈ65 పాడైతే కణాలు వెంటనే చచ్చిపోవు. విటమిన్ ఏ నుంచి వెలుతురును పట్టే పదార్థం తయారయ్యే దారిలో ఒక మెట్టు విరిగిపోతుంది, అంతే. కణాలు ఆకలితో ఎదురుచూస్తూ ఉంటాయి. ఆ మెట్టు మళ్లీ పెడితే పని మొదలవుతుంది.

మనుషుల్లో వాళ్ల తొలి ఇంజెక్షన్ 2007లో, ఫిలడెల్ఫియా చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో. కుక్కపిల్లల నుంచి అక్కడికి రావడానికి ఏడేళ్లు. మొదటి ముగ్గురూ ఇటలీ నుంచి వచ్చిన పెద్దవాళ్లు. తర్వాత ఎనిమిదేళ్ల బాబు ఒకడికి వేశారు. నాలుగు రోజులకు జూకి తీసుకెళ్తే ఎండ కళ్లలో పడి నొప్పితో అరిచాడట. ఆ వెలుతురు అంతకు ముందు వాడికి తెలియదు. నేనది చదివింది ల్యాబ్‌లో, చేతిలో పిపెట్ ఉండగా. లేచి బయటికి వెళ్లిపోయాను.

తర్వాత ఇంకో చిక్కు. చూపు మెరుగుపడిందని ఎఫ్‌డీఏకి ఎలా నిరూపించాలి? గోడ మీద అక్షరాలు చదవలేని పిల్లలు వాళ్లు. అందుకని నేల మీద బాణం గుర్తులు, దారిలో అడ్డంకులు పెట్టి, దాదాపు చీకటి లాంటి 1 లక్స్ నుంచి మంచి వెలుతురైన 400 లక్స్ దాకా రకరకాల వెలుగుల్లో నడిపించే పరీక్షను వాళ్లే తయారుచేసుకున్నారు. కెరీర్ అంటే ఇలాంటివి కూడా చెల్లీ. మందు కనిపెట్టాక, అది పనిచేసిందని చూపించే కొలబద్ద కూడా మనమే కనిపెట్టుకోవాలి. ట్రయల్ నడపడం కోసం పేటెంట్ మీద తమకు రాగల డబ్బు కూడా ఆ దంపతులు వద్దనుకున్నారు. ప్రయోగాల్లో చూపు వచ్చిన రెండు కుక్కలను ఇంటికి తెచ్చి పెంచుకున్నారు.

ఇక రోజూ చేసే పని. నేను ఏఏవీతో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను, ఇప్పుడు బెంగళూరులో. జీన్ కావాలంటే ఇవాళ ఆర్డర్ పెడితే కొరియర్‌లో వస్తుంది. దాన్ని సరైన కణంలోకి చేర్చడమే మా పని. ఏఏవీ అంటే స్కూటర్ డిక్కీ అనుకో. 4,700 డీఎన్‌ఏ అక్షరాలకు మించి పట్టదు. ఆర్‌పీఈ65 1,600 అక్షరాలు, హాయిగా కూర్చుంటుంది. స్టార్‌గార్ట్ అనే కంటి జబ్బుకి కారణమైన ఏబీసీఏ4 6,800 అక్షరాలు, ఎక్కదు.

వైరస్ తయారీ ఇలా ఉంటుంది. హెచ్‌ఈకే293 అనే మనిషి కణాలు పెంచుతాం. మూడు ప్లాస్మిడ్లు (గుండ్రటి డీఎన్‌ఏ ముక్కలు) కలిపి వాటిలోకి పంపుతాం: ఒకదాంట్లో మన జీన్, ఒకదాంట్లో వైరస్ తొడుగు తయారుచేసే జీన్లు, ఒకదాంట్లో సాయం చేసేవి. మూడు రోజులకు కణాలు పగలగొట్టి, వడకట్టి, అయోడిక్సనాల్ అనే చిక్కటి ద్రావణం మీద పోసి అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. ట్యూబులో నాలుగు పొరలు, 15, 25, 40, 60 శాతం. గుర్తు తెలియడానికి 25, 60లో ఎర్ర రంగు కలుపుతాం. తిప్పడం అయ్యాక ట్యూబును స్టాండుకి బిగించి, 60 ఎరుపు ఎక్కడ మొదలవుతుందో చూసి, ఆ గీతకి కాస్త కింద పక్కనుంచి సూది గుచ్చాలి. పైనున్న 40 శాతం పొరను నెమ్మదిగా లాగాలి. మన వైరస్ ఆ పారదర్శకమైన పొరలోనే ఉంటుంది, కంటికి ఏమీ కనపడదు. కాస్త ఎక్కువ లాగావా, జీన్ లేని ఉత్త తొడుగులు కూడా వచ్చేస్తాయి. మొదటిసారి నా చెయ్యి వణికి ట్యూబు అవతలి గోడ కూడా గుచ్చేశాను. మూడు వారాల పని టేబుల్ మీద కారిపోయింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి. పీహెచ్‌డీ రెండో ఏడాది, ఎనిమిది నెలలపాటు నా వైరస్ దిగుబడి సున్నాకి దగ్గరగా వచ్చేది. కణాలు మార్చాను, సీరమ్ మార్చాను, నీళ్లు కూడా మార్చాను. రాత్రి బస్సులో ఏడ్చుకుంటూ హాస్టల్‌కి వెళ్లేదాన్ని. చివరికి ల్యాబ్‌లో ఒక సీనియర్ "ఐటీఆర్‌లు చూశావా?" అన్నారు. మన జీన్‌కి రెండు చివర్లా 145 అక్షరాల ముక్కలు ఉంటాయి, వైరస్ "ఇది నా సరుకు" అని గుర్తుపట్టేది వాటినే. బ్యాక్టీరియాలో ప్లాస్మిడ్ పెంచేటప్పుడు అవి తెగిపోతుంటాయి. వేరే చోటి నుంచి మాకు వచ్చిన ప్లాస్మిడ్‌లో ఒకటి ఎప్పుడో తెగిపోయి ఉంది. ఎస్‌ఎంఏ-1 ఎంజైమ్‌తో కోసి జెల్ మీద వేస్తే ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. అప్పటి నుంచి ప్లాస్మిడ్ ఎవరిచ్చినా ముందు ఎస్‌ఎంఏ-1 జెల్ వేస్తాను. నువ్వూ అలవాటు చేసుకో.

క్యూసీ ఉద్యోగం గురించి: ఇంట్లో డబ్బు అవసరమైతే చేరు. జీన్ థెరపీలో ప్రతి బ్యాచ్ బయటికి వెళ్లే ముందు ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం), స్టెరిలిటీ, ఎన్ని తొడుగులు నిండుగా ఉన్నాయి, ఎన్ని ఖాళీ, ఇవన్నీ క్యూసీవాళ్లే తేలుస్తారు. అది పనికిరాని అనుభవం కాదు. కానీ నెట్ పరీక్ష రాయడం మానకు. జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 రూపాయలు, నాన్నగారికి ఆ అంకె చెప్పు. చూడాల్సిన చోట్లు: వెల్లూరు సీఎంసీలో రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫిలియా-ఏ జబ్బుకి లెంటీవైరస్ అనే ఇంకో వాహనంతో జీన్ థెరపీ చేసి, ఐదుగురు రోగుల ఫలితాలు 2024 డిసెంబర్‌లో ప్రచురించారు. ఐఐటీ కాన్పూర్‌లో జయంధరన్ గారి ల్యాబ్ ఏఏవీ మీదే. హైదరాబాద్ ఐఐసీటీలో అరబింద చౌధురి గారు వైరస్ లేకుండా కొవ్వు అణువులతో జీన్ చేర్చే పని ఏళ్ల తరబడి చేశారు, ఆ పేపర్లు చదువు. 2025లో ఫిలడెల్ఫియాలో ఒక పసివాడికి వాడి ఒక్కడి కోసమే తయారుచేసిన జీన్ ఎడిటింగ్ మందును లివర్‌కి చేర్చింది కూడా కొవ్వు కణికలే.

రెటీనా_పీజీ:

అక్క చెప్పినదానికి ఆపరేషన్ వైపు నుంచి కొంచెం. ముందు విట్రెక్టమీ చేసి కంటి లోపలి జెల్ తీస్తారు. తర్వాత 41 గేజ్ సన్నటి గొట్టంతో రెటీనా కిందికి 0.3 మి.లీ. మందు పంపుతారు. రెటీనా బొబ్బలా పైకి లేస్తుంది. మైక్రోస్కోప్‌లో అది లేవడం చూస్తుంటే ఊపిరి బిగబట్టాల్సిందే. ఆ 0.3 మి.లీ.లో 15 వేల కోట్ల వెక్టర్ (జీన్ మోసే వైరస్) కాపీలు ఉంటాయి. తర్వాత 24 గంటలు వెల్లకిలా పడుకోవాలి. మూడు రోజుల ముందు నుంచే స్టెరాయిడ్ ఇస్తారు. రెండు కళ్లకీ ఒకే రోజు చేయరు, కనీసం ఆరు రోజుల తేడా ఉండాలి. ధర కూడా తెలియాలి కాబట్టి చెబుతున్నాను: 2018లో అమెరికాలో పెట్టిన ధర రెండు కళ్లకీ కలిపి 8.5 లక్షల డాలర్లు.

నెల్లూరు_నాన్న:

అమ్మా, మా పాపకి తొమ్మిదేళ్లు. ఎల్‌సీఏనే, జీన్ సీఈపీ290. 7,400 అక్షరాలట, అక్క చెప్పిన డిక్కీలో పట్టదు. ఆ రిపోర్టు చూసిన రోజు నేను ఇంటికి వెళ్లకుండా పెన్నా ఒడ్డున కూర్చుండిపోయాను.

మేము చేసిన తప్పు ఒకటే. మందు వస్తుంది, వస్తుంది అని రెండేళ్లు బ్రెయిలీ నేర్పించలేదు. ఇప్పుడు పాప బ్రెయిలీలో తెలుగు, ఇంగ్లిష్ రెండూ చదువుతుంది, చేతికర్రతో మెట్లు దిగుతుంది. మీ అన్నయ్యకి చెప్పండి, బాబుకి ఇవి ఇప్పుడే మొదలుపెట్టమని. మందు వస్తే వస్తుంది, నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. ఇంకోటి, మీరు ఆ చదువు మానకండి. మాలాంటివాళ్లకి ఆ రిపోర్టులు తెలుగులో విడమరిచి చెప్పే మనిషి దొరకరు.

విశాఖ_అమ్మాయి (మూడు వారాల తర్వాత):

రిపోర్టు వచ్చింది. ఆర్‌పీఈ65 కాదు. సీఆర్‌బీ1, రెండు కాపీల్లోనూ ఒకే మార్పు. అన్నయ్యకి నేనే చెప్పాను. వదిన ఏమీ మాట్లాడకుండా బాబుకి అన్నం కలిపి పెట్టింది. అమ్మకి మీరు చెప్పిన మాట చెప్పాను అక్కా. రెండోసారి చెప్పించుకుంది.

ఆ రాత్రి నిద్రపట్టక లెక్క వేశాను. సీఆర్‌బీ1 ప్రొటీన్‌లో 1,406 అమైనో ఆమ్లాలు, మూడుతో గుణిస్తే 4,218 అక్షరాలు. డిక్కీ 4,700. రెండు ఐటీఆర్‌లకి 290 పోతే 4,410. అంటే 190 చిల్లర అక్షరాల్లో ప్రమోటర్ (జీన్‌ని ఆన్ చేసే ముక్క), పాలీ-ఏ (చివర ముగింపు గుర్తు) రెండూ పట్టాలి. అంత చిన్న ప్రమోటర్ ఉంటుందా? నా లెక్కలో తప్పుందా?

నెల్లూరు అన్నయ్యగారూ, బాబుకి వచ్చే వారం నుంచి బ్రెయిలీ టీచర్ వస్తున్నారు.

బాపట్ల అక్క:

లెక్క తప్పు కాదు. చివర ఆపమనే మూడు అక్షరాలు కలపలేదు, అంతే. ఈ జీన్ మీద పనిచేసేవాళ్లందరూ కొట్టుకుంటున్నది ఆ 190 దగ్గరే. చిన్న ప్రమోటర్లు ఉన్నాయి, కానీ సరిపోయినంత గట్టిగా, సరిగ్గా కావలసిన కణాల్లోనే పనిచేయాలి కదా. పైగా సీఆర్‌బీ1 మనుషుల్లో వెలుతురు పట్టే కణాల్లోనే కాదు, వాటిని పట్టి నిలబెట్టే మ్యూలర్ కణాల్లో కూడా కావాలి. అంటే రెండు ఇళ్లకి ఒకే సరుకు.

నెదర్లాండ్స్‌లో యాన్ వైన్‌హోల్డ్స్ గారి బృందం ఇంకో దారి పట్టింది. సీఆర్‌బీ1ని వదిలేసి దాని తోబుట్టువు సీఆర్‌బీ2ని పంపారు. అది 1,285 అమైనో ఆమ్లాలే, 3,855 అక్షరాలు. నీ లెక్క ప్రకారం 550కి పైగా చోటు మిగులుతుంది. ఎలుకల్లో రెటీనా నిలబడింది, ఆ పేపర్ 2015లో వచ్చింది. మనుషులకి మందు అయ్యే దూరం ఇంకా ఉంది, అన్నయ్యకి అది కూడా అలాగే చెప్పు. ఏటా రెటీనాకి ఓసీటీ స్కాన్ తీయించి ఒక ఫైలులో దాచమను. రేపు ఎక్కడైనా ట్రయల్ మొదలైతే మొదట అడిగేవి జీన్ రిపోర్టూ ఆ స్కాన్లే.

ఆ 2015 పేపర్ చదువు. అర్థం కాకపోతే ఇక్కడే అడుగు.

విశాఖ_అమ్మాయి:

క్యూసీలో సోమవారం చేరుతున్నాను అక్కా. నెట్ ఫారం నింపేశాను, ఫీజు నాన్నే కట్టారు. పేపర్ దొరికింది, రెండుసార్లు చదివాను. మ్యూలర్ కణాలకి ఒక వెక్టర్, వెలుతురు పట్టే కణాలకి ఇంకోటి అని విడివిడిగా ఎందుకు చేసి చూశారో అక్కడ ఆగిపోయాను. రేపు డ్యూటీ నుంచి వచ్చాక కొత్త పోస్టులో అడుగుతాను.